గోడలో కలిసిపోయే గుడ్డ

నాకు గోడల పిచ్చి పట్టి ఏడాది దాటింది. పట్టణాల్లో కాపలా కాసే సైనికుల యూనిఫాం గుడ్డకి డిజైన్ వేయడం నా పని. అడవికైతే ఆకులూ కొమ్మలూ వేస్తే సరిపోతుంది. నగరంలో అవి తొడుక్కుని నిలబడితే కుండీలో మొక్క అనుకుని ఎవరో నీళ్ళు పోస్తారు. ఇక్కడ కావలసింది మాసిన సిమెంటు, తుప్పు పట్టిన షట్టరు, పైపు కారి పాచి కట్టిన మూల, సగం చిరిగిన పోస్టరు. వాటిని ఫొటోలు తీసి, రంగులు ఏరి, చిన్న చిన్న గళ్ళుగా గుడ్డ మీద పరచాలి. ఎవరింటికి వెళ్ళినా మనుషుల కంటే ముందు గోడల్ని పలకరిస్తున్నానని అమ్మ నన్ను వెంట తీసుకెళ్ళడం మానేసింది.

మా బాసుని ఆఫీసులో అందరం భూతద్దం అంటాం. జేబులో భూతద్దం లేనిదే ఆయన గుడ్డ ముట్టుకోడు. గళ్ళు ఎంత సన్నగా ఉంటే ఆయన మొహం అంత విప్పారుతుంది. ఆయన మెప్పు కోసం నేనూ వాటిని చిన్నవి చేస్తూ పోయాను. ఆఫీసు వెనక గోడ దగ్గర పరీక్ష పెట్టారు. అక్కడ కార్లు అడ్డం కాబట్టి చూసేవాళ్ళంతా గోడకి దగ్గరగానే నిలబడ్డారు. గుడ్డ కొనడానికి వచ్చిన సైనికాధికారి, మనిషి ఎక్కడున్నాడో తెలియక ఖాళీ గోడకి చెయ్యి ఊపి నవ్వులపాలయ్యాడు. గుడ్డ పాసైంది. మిల్లులో అద్దకం మొదలైంది.

దాన్ని మొదట వేసుకునేది సైన్యంలో ఉన్న మా చెల్లెలి దళమే. నేను గాల్లో తేలాల్సింది. కానీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. ఏదో తేడా ఉందని లోపల పీకుతోంది, అదేమిటో అంతు చిక్కడం లేదు. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానో మర్చిపోయి, దాని మీదే విసుక్కుంటున్నాను.

సెలవు మీద వచ్చిన చెల్లి సంచిలోంచి నమూనా యూనిఫాం తీసి తొడుక్కుంది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది.

"మా అక్క వేసిందని దళమంతా చాటించేశాను తెలుసా? ఒకటే గొప్పలు పోయా."

"గొప్పలు తర్వాత. వీధి చివరికెళ్ళి ఆ గోదాం గోడవారగా నడుచుకుంటూ రా. బాల్కనీలోంచి చూస్తా."

"ఇంటికొచ్చినా పెరేడేనా? రాక్షసి!" అని గొణుక్కుంటూనే మెట్లు దిగింది.

బాల్కనీలో నాయనమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషన్ మాటెత్తితే ఆ రోజు అన్నం మానేస్తుంది. ఎదుట ఉన్న మనిషికి కళ్ళజోడు ఉందో లేదో కూడా చెప్పలేదు.

చెల్లి మలుపు తిరగ్గానే నా కంట పడింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న నడక కదా, అందుకే పోల్చుకున్నానని వెంటనే సర్దిచెప్పుకున్నాను.

"ఎవరే అది?" అంది నాయనమ్మ.

"ఎవరు?"

"అదిగో, గోడ పక్కన. బూడిదరంగు మనిషి."

"నీకు కనపడుతోందా? పొద్దున నన్ను చూసి అమ్మ అనుకున్నావు!"

"మొహం తెలీదులే. గోడంతా పెద్ద పెద్ద మచ్చలుగా ఉందా, మధ్యలో ఆ మనిషొక్కడే ఒకే రంగు ముద్దలా ఉన్నాడు."

నేను కళ్ళు సగం మూసి చూశాను. నిజమే. నేను ప్రాణం పెట్టి వేసిన గళ్ళన్నీ దూరానికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే బూడిదరంగయ్యాయి. గోడ మీది మచ్చలు పెద్దవి, అవి కలవలేదు. మేమంతా గుడ్డకి ముక్కు ఆనించి చూశాం. తుపాకీ పట్టుకున్నవాడు ఎక్కడో మేడ మీది నుంచి చూస్తాడు.

భూతద్దానికి ఫోన్ చేశాను.

"సార్, గళ్ళు బాగా పెద్దవి చెయ్యాలి. దూరం నుంచి మనిషి ఇట్టే తెలిసిపోతున్నాడు."

"ఎవరికి తెలిశాడు?"

"మా నాయనమ్మకండి."

"ఆవిడ చూపు బావుంటుందా?"

"లేదండి, శుక్లాలు."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "సంతకాలన్నీ అయిపోయాయి. నువ్వు కాస్త రెస్టు తీసుకోమ్మా," అని పెట్టేశాడు.

చెల్లి పైకి రాగానే చెయ్యి పట్టుకుని గదిలోకి లాగాను. "నువ్వు ఇది వేసుకోవద్దు. ఒంటికి పడలేదని చెప్పు, దద్దుర్లొచ్చాయని చెప్పు. పాతదే తొడుక్కో."

బొత్తాలు విప్పుతున్నదల్లా ఆగింది. "అంత తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"మరి నా పక్కన నడిచేవాళ్ళో?"

నేను తన సంచిలో పాత యూనిఫాం కోసం వెతకసాగాను.

"వాళ్ళకీ అక్కలుంటారే," అంది. గొంతులో కోపం కూడా లేదు. కోప్పడితే ఎదురు తిరిగి అరిచేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

అధికారి నంబరు నొక్కాను. "సార్, మీరు పాస్ చేసిన గుడ్డ వద్దు. వేసిందీ నేనే, వద్దంటున్నదీ నేనే. అద్దకం ఆపించండి."

"ఏం తమాషాగా ఉందా? ఇలా ఫోన్ చేస్తే నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

"ఉండదనే అనుకుంటున్నానండి. మీరు మాత్రం దాన్ని ఒక్కసారి దూరం నుంచి చూడండి. మీ సొంతవాళ్ళకి తొడిగి, వీధి చివర నిలబెట్టి చూడండి."

ఆయన ఇంకాసేపు అరిచాడు. అరిచి అరిచి, చివరికి మా ఇల్లెక్కడని అడిగాడు.

చెల్లి విప్పిన బొత్తాలు మళ్ళీ పెట్టుకుని, గోదాం దాకా వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. అది ఎవరి కంటా పడకూడదని ఏడాదిగా కళ్ళు పొడుచుకుని పనిచేసినదాన్ని, కారు దిగగానే అది ఆయన కంట పడాలని బాల్కనీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.