రెండో బటన్

నా భార్య పుష్పవల్లిని చంపింది సిద్ధార్థ. ఇందులో వాదన లేదు.

ఆమె హీరోయిన్లకు డూప్. మేడల మీద నుంచి దూకేది. నేను ఫిల్మ్‌నగర్‌లో ఫైట్ యూనిట్ గోదాములో తాళ్లు పరీక్షించేవాడిని. పాడైన తాడు కనబడితే అక్కడే కత్తితో రెండు ముక్కలు చేసేవాడిని, మళ్లీ ఎవరూ కట్టుకోకుండా.

2006లో గోదాముకు కంప్యూటర్ వచ్చింది. ప్రోగ్రాం రాసిన సిద్ధార్థే నేర్పాడు.

"తాడు నంబరు, మీ మాట టైపు చేసి ఎంటర్ కొట్టండి భిక్షం గారూ. మౌస్‌తో కుస్తీ ఎందుకండీ మీకు?"

అప్పుడు ఫారంలో ఒకటే బటన్, 'పంపు'. నా రాత ఆఫీసులో చదివేవారు. ఆరు నెలలకు దాన్ని తీసేసి రెండు పెట్టాడు. ముందు 'వాడవచ్చు', పక్కన 'ఆపండి'. ఎంటర్ సంగతి ఎత్తలేదు.

ఆ తర్వాత దొరికిన మొదటి పాడైన తాడు పద్నాలుగోది. లోపలి పోగులు తెగి ఉన్నాయి. 'తెగుతది, ఆపాలె' అని కొట్టి, ఎంటర్ నొక్కి, కొత్త తాడు కోసం బేగంబజారు వెళ్లాను.

ఆఫీసు తెర మీద ఆ నంబరుకు పచ్చరంగు పడింది. పచ్చరంగు చూశాక రాత ఎవరు చదువుతారు? తాడు పట్టుకెళ్లారు. పుష్పవల్లి నాలుగో అంతస్తు నుంచి దూకింది. నేను వెళ్లేసరికి ఆమె ముఖం సగమే ఉంది.

పదకొండో రోజు పిండం పెట్టి నేరుగా జూబ్లీహిల్స్ ఆఫీసుకు వెళ్లాను. కీబోర్డు ఎత్తి సిద్ధార్థ మూతి మీద కొట్టాను. రెండు పళ్లు రాలాయి.

"ఆపాలె అని రాసిన గదరా! పచ్చరంగు ఎట్ల పడ్డది?"

"ఎంటర్ కొడితే... మొదటి బటన్ నొక్కినట్టే అవుతుందండీ."

"నీకు ఎరుకేనా?"

"వచ్చే వారం మారుద్దామనే..."

అతని కుడిచేతిని సొరుగులో పెట్టి, సొరుగును కాలితో తన్నాను. వేళ్లు విరిగిన చప్పుడైంది. మళ్లీ తన్నాను. వాచ్‌మన్ నా మెడ పట్టుకున్నా మూడోసారి తన్నాను.

సిద్ధార్థ నెత్తురు ఉమ్మి, ఏడుస్తూ అడిగాడు.

"నా కళ్ల ముందే ఎన్ని తాళ్లు కోశారండీ మీరు! దీన్నెందుకు కోయలేదు?"

ఆ తాడు చూసిన రోజు కూడా కత్తి నా నడుముకే ఉంది. కంప్యూటర్‌లో రాశాక ఇంకా కోయడం దేనికనుకున్నాను. లేపిన కాలు దించాను.

జడ్జి కూడా అదే అడిగాడు. ఏడాదిన్నర జైల్లో ఉండి వచ్చాను.

చంపింది సిద్ధార్థే. ఈ సంగతి మళ్లీ నా నోట రాదు. ఎవరూ అడగొద్దు.