ఖాజా పీర్ బిగించిన టర్బో

నంద్యాలలో డీజిల్ బండ్లు బాగుచేసే ఖాజా పీర్ ఒకప్పుడు నా తరగతిలో భౌతికశాస్త్రం చదివినవాడు. ఆళ్లగడ్డలో మా పొరుగింటి ఇమ్మానుయేలు తన పాత డీజిల్ ట్యాక్సీకి అతని చేతనే, ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే టర్బోను కొత్తది వేయించాడు. కొద్దిరోజులకే బండి బలం మళ్లీ పడిపోయింది. పీర్ కొత్తదని చెప్పి పాతది బిగించాడని ఇమ్మానుయేలు ట్యాక్సీ స్టాండంతా చాటాడు. ఆళ్లగడ్డ బండ్లే పీర్ షెడ్డుకు ఆధారం. అవి రావడం మానేశాయి.

"బండి నన్ను ముట్టుకోనియ్యడు సార్," అన్నాడు పీర్ ఫోనులో. "మీరన్నా చూడండి. తప్పు నాదైతే షెడ్డు మూసేస్తా."

నేను మెకానిక్‌ను కాను. అయితే ప్రతి కార్యానికీ కారణం ఉంటుందని ఉద్యోగమున్నన్నాళ్లూ బోధించినవాణ్ణి. వెళ్లాను.

"ఏంది సార్, పీర్‌గాడు పంపించినాడా?" అన్నాడు ఇమ్మానుయేలు.

"అవును. బానెట్ ఎత్తు."

"దేవుడినే నమ్మనోళ్లు, వాడినెట్ల నమ్మినారు సార్?"

"నమ్మలేదు. అందుకే చూద్దామని వచ్చినా."

అతని భార్య దానమ్మ నవ్వుతూ కుర్చీ తెచ్చి వేసింది.

నిలిపి ఉంచినప్పుడు ఇంజను సాఫీగానే తిరుగుతోంది. సిరివెళ్ల దారిలో నడిపించి చూశాను. యాక్సిలరేటర్ తొక్కగానే నల్లటి పొగ వచ్చింది, వేగం మాత్రం పెరగలేదు. డీజిల్ అందుతోంది, దానికి తగిన గాలి అందడం లేదన్నమాట. ఇంటికి వచ్చి, ఇంజను చల్లారాక టర్బో దగ్గరి గొట్టం విప్పాను. లోపలి రెక్కల మీద గీత కూడా లేదు. ఇరుసును వేళ్లతో కదిపితే వదులుగా లేదు. అది కొత్త టర్బోయే. గొట్టాలలో ఎక్కడా చిరుగు లేదు. ఇక మిగిలింది గాలి లోపలికి వెళ్లే దారి. ఆ వీధి నిండా శిల్పులు రాయి చెక్కే పాకలే. ఎయిర్ ఫిల్టర్ రాతిపొడితో పూడుకుపోయి ఉంటుందని ఊహించాను.

ఫిల్టర్ పెట్టె మూత తీశాను. నా ఊహ తప్పింది. ఫిల్టర్ కింద, గాలి వచ్చే రంధ్రం ముందు, మడతపెట్టిన తెల్ల రుమాలు ఉంది.

"అది తియ్యద్దు సార్!" అంది దానమ్మ. "ప్రార్థన చేసిన గుడ్డ. బండి ఊపిరి తీసుకునే చోట పెట్టమన్నాడు చర్చి అయ్యగారు. టర్బో వేయించినాక ఈయనే పెట్టినాడు."

ఇమ్మానుయేలు ఆమె వైపు కోపంగా చూశాడు.

ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ గుడ్డ అడుగున పడి ఉంటుంది. బలంగా గాలి పీల్చగానే లేచి ఫిల్టర్‌కు అతుక్కుని గాలిని అడ్డుకుంటుంది. దాన్ని తీసి, మళ్లీ అదే దారిలో నడిపించాను. ముందు పోతున్న లారీని బండి అవలీలగా దాటింది. ఇంటికి తిరిగొచ్చాక ఇమ్మానుయేలును అడిగాను.

"తప్పు పీర్‌ది కాదని స్టాండులో చెప్తావు కదా?"

"నేనే చెప్తాలే సార్. ఆ గుడ్డ ఇట్లియ్యండి. మీకెందుకది?"

ఇచ్చాను. నిరూపణ పూర్తయింది, పరికరంతో ఇక పనేముంది అనుకున్నాను. అతను దాని మీది దుమ్ము దులిపి, జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పక్కవీధి చర్చి మైకులో అతని సాక్ష్యం మా వరండాలోకి వినిపించింది. "నంద్యాల మిస్త్రీ మోసం చేసినా, ప్రభువు నా బండికి బలమిచ్చినాడు." వెంటనే చప్పట్లు.

మరునాడు స్టాండుకు వెళ్లి జరిగింది జరిగినట్లు చెప్పాను. ఎలీషా అనే డ్రైవరు ఓపికగా విన్నాడు.

"గుడ్డ యాడుంది సార్?"

"ఇమ్మానుయేలు దగ్గర."

"ఆయన్నడిగితే గుడ్డే లేదంటాండాడు. దానమ్మక్కా అట్లే అంటాంది. మీరేమో చర్చిని తిట్టే మనిషి. ఇంకేం చెప్తారులే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. టర్బో విప్పి చూపిస్తానన్నాను. చూడడానికి ఒక్కరూ కదలలేదు.

నంద్యాల బస్సెక్కాను. పీర్ షెడ్డులో బండి ఒక్కటీ లేదు. స్పానర్లన్నీ సంచిలో కట్టి ఉన్నాయి. కోయిలకుంట్లలో ఎవరి దగ్గరో కూలికి కుదిరాడట. తప్పు అతనిది కాదని, కారణం ఏమిటో వివరంగా చెప్పాను. గుడ్డ ఎక్కడుందని అతనూ అడిగాడు. చెప్పాను.

"ఆయన చేతికే ఇచ్చినారా?"

పీర్ సంచి భుజాన వేసుకుని, షట్టరు కిందికి లాగాడు.

"మీరు చర్చికో, మసీదుకో పోయే మనిషై ఉంటే బాగుండు సార్. గుడ్డ లేకపోయినా మీ మాట నమ్మేటోళ్లు."