చెల్లె ఏమన్నది?

దశరథం దేవుడి పాఠాలు వినడం మొదలుపెట్టిందీ, పెళ్లానికి అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టిందీ ఇంచుమించు ఒకేసారి. అంతకు ముందు అతనికి ఈ రెంటిలోనూ చెప్పుకోదగ్గ అనుభవం లేదు.

అనుభవమంతా మాటలతో ఆడుకోవడంలోనే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర ఇరవై రెండేళ్లు బండ్లు తూచాడు. "నా పేరు దశరథం. దశ లేదు, రథం లేదు, ఉన్నదొక్క లూనా, అదీ తోస్తెనే నడుస్తది" అని తూకానికొచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు. ఫ్యాక్టరీ మూతపడింది గానీ అతని నోరు మూతపడలేదు. ఆదివారం చర్చి పూజలో ప్రసంగం మొదలవగానే కునుకు, చివరి ఆశీర్వాదానికి మెలకువ. అడిగితే "ఫాదర్ కాపరి, నేను గొర్రెను. గొర్రె మేసినంక పండుకుంటది గద" అనేవాడు.

పాఠాలు వినేది అతని భార్య చంద్రవ్వ, నందిపేట్‌లో ఉండే ఆమె చెల్లెలు సువార్త. అమ్మానాయనలు జ్ఞానస్నానం తీసుకోక ముందు పుట్టింది అక్క, తీసుకున్నాక పుట్టింది చెల్లె. పేర్లు చూస్తేనే తెలుస్తుంది. ఎవరో ఒక ఫాదర్ కతోలిక శ్రీసభ నమ్మకాల పుస్తకం సత్యోపదేశాన్ని రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఏడాది పొడుగునా ఫోనులో చదివి, విడమరచి చెప్తాడు. మూడు వందల అరవై ఐదు పాఠాలు. పొద్దున ఐదున్నరకు బోధన్‌లో అక్క, నందిపేట్‌లో చెల్లె ఒకేసారి మీట నొక్కేవాళ్లు. పాఠం అయిపోగానే చెల్లె దగ్గర నుంచి ఫోను.

"అక్కా, మన బర్రె పోయి పక్కోని చేన్ల మేస్తె అది ఎవలి పాపం?"

"బర్రెకు పాపమేందే?"

"బర్రెకు కాదక్కా, కట్టేయనిదానికి."

ఇలా అరగంట. "బోధన్‌ల బోధన, నందిపేట్‌ల నస" అని దశరథం దుప్పట్లోంచి గొణిగేవాడు. ఫోను అతని చేతికొస్తే మరదలిని నవ్వించాలని చూసేవాడు. మొగుడు పోయిన పదకొండేళ్లుగా సువార్త నవ్వగా చూసినవాళ్లు లేరు. "అయిందా బావా? ఇగ అక్కకియ్యి" అనేది, అంతే.

రెండు వందల అరవై ఎనిమిదో పాఠం విన్న రోజే చంద్రవ్వను గుండె ఆపరేషన్‌కు నిజామాబాద్ తీసుకెళ్లారు. "నువ్వు లేనిది నేనూ వినను. ఈడనే ఆపుత. నువ్వు లేసినంక కలిసి విందాం" అంది సువార్త ఫోనులో.

ఆపరేషన్ అయిన మూడో రోజు, చంద్రవ్వ ఇంకా ఐసీయూలో ఉండగానే, సువార్త కళ్లంలో పసుపు ఆరబోస్తూ కూలబడింది. మళ్లీ లేవలేదు. పేరు సువార్త, వచ్చిన వార్త అది. మాటల దశరథానికి ఆ ఒక్కసారి తన ఆట మీద తనకే అసహ్యం వేసింది.

డాక్టర్ ముందే చెప్పాడు: మనసుకు పెద్ద దెబ్బ తగలకూడదు, కుట్లు మానేదాకా. మందులకని చెప్పి దశరథం నందిపేట్ పోయాడు. గుంతలో పిడికెడు మట్టి తన పేరున, పిడికెడు చంద్రవ్వ పేరున వేశాడు. మహారాష్ట్రలోని భీవండి నుంచి వచ్చిన సువార్త కూతురు రమ్య చంటిపిల్లను ఎత్తుకుని ఏడుస్తోంది.

"బిడ్డా, మీ అమ్మ నీ దగ్గరున్నదని చెప్త మీ పెద్దమ్మకు. కొన్ని రోజులు. ఏమనుకోకు" అన్నాడు.

రమ్య తలూపింది. ఆ సాయంత్రానికి అతను ఆసుపత్రిలో ఉన్నాడు.

ఇంటికొచ్చిన రోజు చంద్రవ్వ అడిగింది. "చెల్లె రాదాయె?"

"భీవండి పోయింది. రమ్య మల్ల పనికి పోతున్నది, పొల్లను ఎత్తుకునేతందుకు మనిషి లేదు."

"ఫోను?"

"దానిది నీళ్లల్ల పడ్డది. రమ్య ఫోనే దిక్కు. రమ్య వచ్చేది ఏడున్నరకు, నువ్వు గోళీ మింగి పండుకునేది ఏడింటికి. నేను మాట్లాడి చెప్త తియ్యి."

"ఆదివారం?"

"ఆదివారం గూడ డ్యూటీ ఉన్నదట." ఒక అబద్ధానికి ఇంత మంది నౌకర్లు కావాలని అతనికి అప్పుడే తెలిసింది.

చంద్రవ్వ, "అయితే రేపటి సంది పాఠం మొదలువెడదాం. దానికీ చెప్పు. విన్నంక చెల్లె ఏమన్నదో నాకు చెప్పాలె మల్ల" అంది.

అలా చచ్చిపోయిన మనిషి తరఫున మాట్లాడటానికి బతికున్న మనిషి పాఠం వినాల్సి వచ్చింది. ఐదున్నరకు మంచం అంచున కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇరవై నిమిషాలూ కునుకు తీయకుండా విన్నాడు. సాయంత్రం చంద్రవ్వ నిద్రపోయాక గేటు మెట్టు మీద కూర్చుని, ఇదే పాఠానికి సువార్త ఏమనేదని ఆలోచించేవాడు. మర్నాడు పాఠానికి ముందు జవాబు అప్పజెప్పేవాడు. పొద్దున సత్యోపదేశం, సాయంత్రం అసత్యోపదేశం.

మొదటి రెండు రోజులు సువార్తలాగే అప్పజెప్పాడు, బిగువుగా. మూడో రోజు తల్లిదండ్రులను గౌరవించమనే పాఠం. నోరు ఊరుకోలేదు.

"చెల్లె అన్నది, అమ్మనాయనలను గౌరవించుడు నాలుగో ఆజ్ఞల ఉన్నది సరే, బావలను భరించుడు ఎన్నో ఆజ్ఞల ఉన్నదక్కా అని."

చంద్రవ్వ కుట్ల మీద చెయ్యి అదిమిపెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది.

"అది అన్నదా గట్ల? చెల్లె?"

"అన్నది."

"అది నవ్విందా?"

ఇక్కడ ఆగాల్సింది. దశరథం ఆగలేదు. "పొల్ల ఒళ్లె ఉన్నది గద. నవ్వుకుంటనే చెప్పింది."

"పదకొండేండ్లకు నవ్వింది నా చెల్లె" అని చంద్రవ్వ గోడ మీది మరియతల్లి పటం వైపు చూసి నెమ్మదిగా సిలువ గుర్తు వేసుకుంది. ఆ పూట రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నది.

ఇక ఆపడం ఎలా? సువార్త రోజురోజుకూ తమాషా మనిషి అయిపోయింది. భీవండి దోమల మీద, వియ్యపురాలి పొగరు మీద, ఫాదర్ దగ్గు మీద జోకులు వేసింది. చంద్రవ్వ నడిచింది, స్నానం తనే చేసింది, వాకిట్లో ముగ్గు వేసింది. జపమాలలో పది పూసల జపం "చెల్లెను నవ్వించినందుకు" కృతజ్ఞతగా చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా దశరథం బీరువా వెనకాలో, బావి దగ్గరో ఏదో పని వెతుక్కునేవాడు.

పాఠాలు కూడా ఊరుకోలేదు. వినేది అబద్ధం కోసమే అయినా చెవిలోకి పోయేది నిజమే కదా. దొంగతనం పాఠం విన్న రోజు, కాంటా దగ్గర రైతుల బండ్లలోంచి గడలు విరుచుకుని ఇరవై రెండేళ్లు నమిలిన సంగతి గుర్తొచ్చి అన్నం సయించలేదు. "చెరకు తిన్న, చెర తప్పదేమో" అని తనలో తాను అనుకున్నాడు. నవ్వు రాలేదు.

మూడు వందల పదకొండో పాఠంలో ఎనిమిదో ఆజ్ఞ వచ్చింది.

ఫాదర్ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ఎదుటివారు తప్పు నమ్మాలని తెలిసి చెప్పేదే అబద్ధం, మంచి కోసం చెప్పినంత మాత్రాన అది మంచిదైపోదు అన్నాడు. అలాగని తెలిసిన ప్రతి నిజాన్నీ ప్రతివారికీ చెప్పి తీరాలని లేదు, తెలుసుకునే హక్కు లేనివారి ముందు మౌనంగా ఉండవచ్చు అన్నాడు. అబద్ధం వల్ల ఎవరికి గాయమైనా, దాన్ని సరిచేసే భారం చెప్పినవారిదే అన్నాడు.

"చెల్లెకు ఈ పాఠం మస్తు నచ్చుతది" అంది చంద్రవ్వ ఫోను ఆపేసి. "అది సచ్చినా అబద్ధమాడది."

దశరథం టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆ రోజే నిజామాబాద్‌లో డాక్టర్‌కు చూపించాలి. డాక్టర్ గుండె విని, కాగితాలు చూసి, బాగుందన్నాడు. మెట్లు ఎక్కవచ్చు, నిద్ర గోళీ మానేయవచ్చు.

"అందరితోని మాట్లాడచ్చా సార్?" అని చంద్రవ్వే అడిగింది.

"మాట్లాడమ్మా, గుండె గట్టిగుంది."

దాక్కోవడానికి ఉన్న ఒక్క చాటూ పోయింది. బోధన్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న చంద్రవ్వ, "ఇయ్యాల ఏడున్నరకు నేనే మాట్లాడుత చెల్లెతోని" అంది. దశరథం ఫాదర్ చెప్పిన మధ్య మాటను పట్టుకుని వేలాడాడు. హక్కు లేనివారి ముందు మౌనం. కాంటా మనిషి కదా, తూచి చూశాడు. తోడబుట్టినదాని చావు తెలుసుకునే హక్కు ఈమెకు కాక ఇంకెవరికుంది? ఊరి పేరులోనే నిజం పెట్టుకున్న నిజామాబాద్‌లో చెప్పలేకపోయాడు. ఎడపల్లి దాటింది, ఎడబాటు మాట నోటికి రాలేదు. బోధన్‌లో దిగారు.

సాయంత్రం చంద్రవ్వ తల దువ్వుకుంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. వీడియోలో చెల్లె కనబడుతుందని కుర్చీని లైటు కిందికి జరుపుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమయ్యా, ఏడున్నర అయింది. కలుపు."

దశరథం దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. రమ్యకు జ్వరం, ఫోనులో చార్జింగ్ లేదు, పొల్ల పండుకుంది. మూడూ నాలుక చివరే ఉన్నాయి.

"చంద్రా, చెల్లె భీవండిల లేదు."

"మరి?"

"నందిపేట్‌లనే ఉన్నది."

ఆమె ముఖం వెలిగిపోయింది. "వచ్చిందా? ఎన్నడొచ్చింది? చెప్పవాయె."

"పోనే లేదు" అన్నాడు. జీవితంలో అన్ని మాటలూ వంకరగా మాట్లాడినవాడికి నిజం కూడా వంకరగానే వచ్చింది. "గుట్ట పక్క మన సమాధుల కాడ ఉన్నది. మీ అమ్మ పక్కన."

చంద్రవ్వ ఒళ్లో ఫోను వెలుగు ఆరిపోయింది.

"ఎన్నడు?"

"నువ్వు ఐసీయూల ఉన్నప్పుడు. పసుపు ఆరబోసుకుంట. బాధ పడలేదన్నరు."

"మట్టి ఏసినవా?"

"ఏసిన. నీ పేరు మీద గూడ ఏసిన."

ఆమె ఊపిరి తీయడం, వదలడం అతను లెక్కపెడుతూ కూర్చున్నాడు. గుండె ఆగలేదు. డాక్టర్ అన్నట్టు గట్టిదే.

"మరి రోజూ చెల్లె అన్నదని చెప్పినయి?"

"నావే."

"బావలను భరించుడు అన్నది?"

"నాదే."

"అది నవ్వింది అంటివి. పొల్లను ఒళ్లె పెట్టుకొని నవ్వింది అంటివి గద. నవ్వలేదా?"

"లేదు చంద్రా."

"అయితే నవ్వకుంటనే పోయింది" అంది. చావు విన్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుట్ల మీద రెండో చెయ్యి పెట్టుకుని ఏడ్చింది. దశరథం దగ్గరికి పోబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

చాలాసేపటి తర్వాత, అతనికి కాదు, ఒళ్లో ఫోనుకు చెప్పినట్టు అంది. "నువ్వు లేసేదాక ఆపుత అన్నది. అది రెండొందల అరవై ఎనిమిది కాడనే నిలవడ్డది. నేను దాన్ని ఆడ ఇడిసిపెట్టి నలభై మూడు పాఠాలు నడిసిన. నవ్వుకుంట నడిసిన."

దశరథానికి చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. ఆ నవ్వే నిన్ను మంచం మీంచి లేపిందనీ, లేకపోతే ఇద్దరినీ పోగొట్టుకునేవాడిననీ. మంచి కోసం చెప్పినంత మాత్రాన మంచిదైపోదని పొద్దున విన్నాడు. ఊరుకున్నాడు.

మర్నాడు ఐదున్నరకు అతనే లేచి, అలవాటుగా ఫోను తెచ్చి మంచం అంచున కూర్చున్నాడు. చంద్రవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మేలుకునే ఉంది.

"పెట్టు" అంది.

"మూడొందల పన్నెండా?"

"కాదు. చెల్లె నిలవడ్డ కాడికెల్లి."

వేలితో వెనక్కి, వెనక్కి జరిపాడు. తన జోకులన్నీ వేళ్ల కింద నుంచి ఒక్కొక్కటే పోయాయి. రెండు వందల అరవై తొమ్మిది దగ్గర నొక్కాడు. ఫాదర్ గొంతు నలభై మూడు రోజుల కిందట ఎలా ఉందో అలాగే మొదలైంది. ఇద్దరూ విన్నారు, ఆమె గోడవైపు, అతను ఆమె వీపువైపు.

పాఠం అయిపోయింది. ఫోను మోగాల్సిన సమయం. చంద్రవ్వ ఇటు తిరిగి ఫోను వంక చూసింది, పాలవాడి సైకిల్ వీధి చివర మలుపు తిరిగేదాకా చూసింది.

చెల్లె ఏమన్నదని అడిగితే చెప్పడానికి దశరథం రాత్రంతా ఒక జవాబు తయారుచేసుకున్నాడు. నలభై నాలుగు రోజుల్లో మొదటి నిజమైన జవాబు. "తెల్వది" అని.

ఆమె అడగలేదు.