అక్క చెప్పని పని

ఆస్పత్రిలో ఊపిరితిత్తుల జబ్బులకు ఆ పెద్ద డాక్టరు మాటే వేదం. అలాంటి మనిషి సొంత అక్క దగ్గుతోందంటే ఛాతీ మీద స్టెతస్కోపైనా పెట్టలేదు. ఫోన్లోనే మామూలు యాంటీబయాటిక్ చెప్పి ఊరుకున్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. వైద్యుడే పెరటి చెట్టయితే ఇక చెప్పేదేముంది!

వారం తిరిగేసరికి అక్క ఆయన వార్డులోనే ఆక్సిజన్ మీద ఉంది. నూట మూడు జ్వరం, పగిలిపోయే తలనొప్పి, పొడిదగ్గు. ఎక్స్‌రేలో కుడివైపంతా తెల్లగా కమ్మేసింది. మందు మార్చి సూదులు వేసినా జ్వరం దిగలేదు. కఫం పరీక్షలో ఏ క్రిమీ దొరకలేదు. ఏం చెయ్యాలో ఆయనకు పాలుపోలేదు.

జూనియర్ డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది. రోగి ఏం పని చేస్తారో ముందు అడగమని ఆమెకు నూరిపోసింది ఆయనే.

"అమ్మా, మీరేమైనా పనికి వెళ్తున్నారా?"

"అక్క గడప దాటదమ్మా. నాకు తెలీదా?" అన్నాడాయన.

అక్క తమ్ముడి వైపు చూసి కళ్లు దించుకుంది.

"సార్, మీరు కాసేపు బయట ఉంటారా?"

తన వార్డులోంచి తననే! మొహం మాడ్చుకుని వెళ్లాడు.

అరగంటకు డాక్టరమ్మ బయటికొచ్చింది. "మూడు నెలలుగా చిలకల కొట్లో పంజరాలు శుభ్రం చేస్తున్నారట సార్. ఎండిన రెట్ట గీకి ఊడ్చేది ఆవిడే. పక్షుల నుంచి వచ్చే న్యుమోనియా అనుకుంటున్నా. మనమిచ్చిన మందులు దానికి పనిచెయ్యవు. రక్తం పరీక్షకి పంపి, రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టేశా."

"అక్క నాకెందుకు చెప్పలేదు?"

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మీకు నామోషీ అనట సార్..."

రెండేళ్ల క్రితం అక్క బట్టల కొట్లో చేరితే, "నలుగురిలో నా పరువేం కాను?" అని మాన్పించింది తనే. ఆయనకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఊపిరాడని మనిషి కూడా తను పక్కనుంటే నోరు విప్పలేకపోయింది.

మూడోరోజుకి జ్వరం దిగింది. ఆయన మంచం అంచున కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నాడు. క్షమించమని అడగబోయాడు.

అక్కే ఆయన చెయ్యి నిమిరింది.

"బెంగపడకురా. నేను నీకు అక్కనని ఆ కొట్లో ఎవరికీ చెప్పలేదు."