వంకర నాది కాదు

నేను ఒక పూల్ కర్రను. పచ్చబట్ట పరిచిన బల్ల మీద రంగురంగుల బంతుల్ని కొట్టి గుంటల్లో పడేసే ఆట చూశారు కదా, ఆ ఆట కర్రను. మీరట్‌లో ఒక ఇరుకు కార్ఖానాలో ఓ ముసలి పనివాడు నన్ను రెండు ముక్కలుగా చెక్కి, మధ్యలో ఇత్తడి మర బిగించాడు. ఒక కన్ను మూసి, నన్ను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, తిన్నగా ఉన్నానని తలాడించాడు. ఆ మాట నిజం. ఆ నిజం కోసం నేను తర్వాత పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

నన్ను కాకినాడ తెచ్చింది కురియన్ అనే ఓడల ఇంజనీరు. బదిలీ మీద వెళ్లిపోతూ, క్లబ్బులో మార్కరుగా పనిచేసే లోవరాజు చేతిలో పెట్టాడు. మార్కరంటే బల్ల తుడిచి, బంతులు పేర్చి, పాయింట్లు చెప్పే మనిషి. ముప్ఫై ఏళ్లుగా పెద్దమనుషులకు కర్రలు అందించిన లోవరాజుకు, తనదంటూ ఒక కర్ర దక్కడం అదే మొదలు. సభ్యులు రాకముందు పొద్దున్నే కూతురు అమ్మాజీకి నాతోనే ఆట నేర్పాడు. ఆ పిల్ల పాలిటెక్నిక్ కాలేజీ ల్యాబులో అటెండరు. తొందరపడే రకం కాదు. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు రాజమండ్రిలో పెడుతున్నారని తెలిసి పేరిచ్చింది.

పోటీలకింకా నాలుగు నెలలున్నాయనగా, ఓ పొద్దున లోవరాజు నన్ను బల్ల మీద దొర్లించాడు. తిన్నని కర్రయితే చప్పుడు లేకుండా దొర్లాలి. నా కొస టపటపా ఎగిరింది.

"వంగిపోయిందే అమ్మాజీ!" అన్నాడు, తన నడుమే వంగినట్టు.

అక్కడి నుంచి మొదలయ్యాయి నా పాట్లు. మొదట ఆముదం పట్టించి ఎండలో పడుకోబెట్టాడు. నేను కర్రనా, కీళ్లనొప్పుల మనిషినా? తర్వాత దూలానికి వేలాడదీసి, కింద రుబ్బురోలు పొత్రం కట్టాడు. తొమ్మిది రోజులు అలా వేలాడాను. అదీ కాదని, వాళ్లావిడ ఇడ్లీ పాత్ర దించగానే ఆ ఆవిరి మీద నన్ను పట్టుకుని మోకాలితో నొక్కాడు. చట్నీ వాసన వారం దాకా వదల్లేదు. ప్రతిసారీ దొర్లించడం, ప్రతిసారీ నేను ఎగరడం, ప్రతిసారీ ఆయన నన్ను పాపిష్టిదాన్ని చూసినట్టు చూడడం!

"క్లబ్బు కర్రతో ఆడేత్తాను నాన్నా, వదిలెయ్యి" అంది అమ్మాజీ.

"ఆళ్ల కర్రతో గెలిత్తే ఆళ్ల కర్ర గెలిచిందంటారే. మన కర్రతోటే ఆడాల."

పోటీ మూడు రోజుల్లో ఉందనగా నన్ను వడ్రంగి భద్రాచారి దగ్గరికి మోసుకెళ్లాడు. ఆయన నన్ను కాసేపు చూసి, "రెండు నూళ్లు చిత్రిక పడితే తిన్నగా వచ్చేత్తది లోవరాజూ" అన్నాడు. రెండు నూళ్లంటే పావంగుళం. అంత పోతే నాలో మిగిలేది పుల్ల! బల్లకున్న పట్టుకారులో బిగించారు. చిత్రిక నా మెడ మీద ఆనింది.

"ఆగండి బాబాయ్!"

కాలేజీ నుంచి తిన్నగా వచ్చింది అమ్మాజీ. నన్ను విడిపించి, మర తిప్పి రెండు ముక్కలూ వేరుచేసింది. పక్కనున్న నున్నటి టేబులు పలక మీద పై ముక్కను దొర్లించింది. చప్పుడు లేదు. కింది ముక్కను దొర్లించింది. చప్పుడు లేదు.

"రెండూ తిన్నగానే ఉన్నాయి కదా నాన్నా. మరి వంకరెక్కడ?"

ఇంత చిన్న ప్రశ్న నాలుగు నెలలుగా ఒక్కరికీ తట్టలేదు. ఆమె పిన్నీసుతో మర చుట్టూ గీకింది. ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉన్న సైకిలు ట్యూబు ముక్క బయటికొచ్చింది.

"ఇదెవరు పెట్టారు?"

భద్రాచారి చిత్రిక తుడుచుకోవడం మొదలెట్టాడు. లోవరాజు కిందికి చూశాడు.

"మర కిర్రుమంటందని నేనే పెట్టేనే... పోయిన వానాకాలం. మర్చిపోయేను." నా పై ముక్కను నిమిరాడు. "ఇంకో నిమిషముంటే నా చేత్తో నేనే పాడుచేసేద్దును."

అమ్మాజీ ఆ ట్యూబు ముక్క అవతల పారేసింది. మర శుభ్రంగా తుడిచి, బిగించి, దొర్లించింది. నేను నీళ్ల మీద నావలా వెళ్లాను.

రాజమండ్రిలో మొదటి ఆట పోయింది. తర్వాత రెండూ ఆమె గెలిచింది. ఆ చివరి ఆటలో, పడితే గెలుపిచ్చే నల్లబంతి దూరపు మూల గుంట దగ్గర గట్టుకు అంటుకుని ఉంది. అమ్మాజీ ఊపిరి నా మీద ఆగింది. ఆమె కొట్టినచోటికే నేను వెళ్లాను. బంతి పడింది. జట్టులో నలుగురికి చోటుంటే, నాలుగో పేరు ఆమెది.

రిఫరీ నన్ను బల్ల మీద దొర్లించి చూసి, "పాత కర్రైనా బలే తిన్నగా ఉందయ్యా, ఎవరు బాగుచేశారు?" అన్నాడు. అమ్మాజీ తండ్రి వైపు చూసింది. ఇడ్లీ ఆవిరి, పొత్రం కథలన్నీ ఇప్పుడు బయటికొస్తాయనుకున్నాను.

"మా అమ్మాయండి" అన్నాడు లోవరాజు. "పాడుచేసింది నేనండి."

నాలుగు నెలల కోపంలో సగం అక్కడే పోయింది. మిగతా సగం దాచుకున్నాను. ఎందుకంటే, బస్సెక్కకముందే ఆయన రిఫరీని పక్కకు పిలిచి, ఆ మొదటి ఆట పోవడానికి కారణం బల్ల ఓ మూలకు ఒరిగి ఉండడమేననీ, కాళ్ల కింద ఏదైనా ముక్క పెడితే సర్దుకుంటుందనీ చెప్పడం మొదలెట్టాడు.