వంశధారలో ఆనపకాయ

దేముడమ్మకి ఆనపకాయంటే చిన్నప్పట్నుంచీ గిట్టదు. అలాంటిది కార్తీకమాసం పెట్టిన దగ్గర్నుంచి ఆమె ఇంట్లో రోజూ ఆనపకాయే. ఒకపూట పులుసు, ఒకపూట పాలు పోసిన కూర, ఇంకోపూట పప్పులో ముక్కలు. ఊపిరి బిగబట్టి మింగేది. పైకి మాత్రం వీధంతా వినబడేలా, "అబ్బ, ఏటి రుసే! రోజూ ఇదే ఎట్టినా తింతాను," అనేది.

ఇదంతా ఒక పన్నాగం. అది అర్థం కావాలంటే ముందు ఆమె చుట్ట సంగతి చెప్పాలి.

దేముడమ్మది అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. బుచ్చయ్యపేట పక్క ఆ వయసు ఆడవాళ్లలో అదేం వింత కాదు గానీ, ఆవిడంత నేర్పుగా కాల్చేవాళ్లు మాత్రం తక్కువే. నోట్లో నిప్పు అలాగే ఉండగా చెరుకుతోటలో పనిచేసేది, కోడలి మీద కేకలేసేది, ఫోనులో చెల్లెలికి ఊరి కబుర్లన్నీ చెప్పేది. అలవాటు లేనివాళ్లు ఆ దృశ్యం చూసి హడలిపోయేవారు.

ఈ ఏడు ఆమె మనవరాలు అశ్విని అనకాపల్లిలో నర్సింగు చదువులో చేరింది. సెలవుకి వచ్చినప్పుడు మామ్మ నోట్లోకి టార్చి వేసి చూసి, అంగిట్లో తెల్లమచ్చ ఉందని పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది. "ఇప్పటికి భయం లేదు. చుట్ట మానకపోతే రేపు ఎలా ఉంటుందో నేను చెప్పలేను," అన్నాడు డాక్టరు. దేముడమ్మ ఇంటికొచ్చి, అరుగు మీద కూలబడి, ఆ దిగులుతో ఇంకో చుట్ట ఎక్కువ కాల్చింది.

డాక్టరుకి భయపడని మనిషి దేవుడికి భయపడుతుందని అశ్వినికి తెలుసు. అందుకే చోడవరం గౌరీశంకర్ వ్యానులో మూడు సీట్లు చెప్పేసింది. అతను ఏటా కార్తీకంలో జనాన్ని ఎక్కించుకుని అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం తిప్పి తీసుకొస్తాడు. ఒకసారి కాశీ వెళ్లొచ్చాడు గనక తన వ్యానుకి తనే ఒక నియమం పెట్టాడు. ముఖలింగంలో వంశధారలో మునిగి, కాశీలోలాగే ఇష్టమైన వస్తువు ఒకటి వదిలెయ్యాలి. నదిలో వదిలింది మళ్లీ నోట పెట్టకూడదు.

"వత్తానే గుంటా, ఎందుకు రానూ," అని దేముడమ్మ మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఆనపకాయ వ్రతం ఆ రోజే మొదలైంది.

ఈ పన్నాగం తెలియనివాడు ఆ ఇంట్లో ఒక్కడే, మొగుడు దాసు. ఆయన మాట్లాడేదే తక్కువ. పెళ్లానికి ముసలితనంలో ఆనపకాయ మీద మనసైందని సంబరపడిపోయి, రోజూ మోపెడ్ మీద చోడవరం బజారుకెళ్లి, గోరుతో గిచ్చి చూసి, లేతకాయలు ఏరి తెచ్చేవాడు. ఒకనాడు బజార్లో మంచివి దొరక్కపోతే గోవాడలో తెలిసినవాళ్ల పాదు వెతుక్కుంటూ పోయాడు. రెండు చంకల్లో రెండు కాయలతో గుమ్మంలోకి వచ్చిన ఆ మొహం చూస్తే దేముడమ్మకి ఏడుపొచ్చింది. ప్రేమతో కాదు, ఆ పూట తినాలి గదా అని.

సోమవారం తెల్లారకముందే వ్యాను బయల్దేరింది. అరసవల్లిలో సూర్యుడికి దణ్ణం పెట్టుకున్నారు. శ్రీకూర్మంలో తాబేళ్లని చూశారు. మధ్యాహ్నం పులిహోర తిని, ఎండ తగ్గేవేళకి ముఖలింగం చేరారు. ఏటి ఒడ్డున చిన్న ఊరు. గుడి రాళ్ల నిండా చెక్కిన బొమ్మలు. ఆ గుడి ముందరే ఎవరో ధాన్యం ఎండబోసుకుని కోళ్లని అదిలిస్తున్నారు.

"ఒకప్పుడు ఇది కళింగ రాజుల రాజధాని మామ్మా," అంది అశ్విని ఫోను చూసి.

"రాజధానంతావు, మరి కాంప్లెక్సేదే?" అని దేముడమ్మ చుట్టూ చూసింది. బస్సుల కాంప్లెక్సు లేని రాజధాని ఆమె కంటికి ఆనలేదు. కానీ ఊరు నచ్చింది. ఇంత చల్లటి చోట ఏటి ఒడ్డున కూర్చుని చుట్ట కాలిస్తే ఎంత బాగుంటుందో అనుకుంది కూడా.

దాసు తప్ప అందరూ మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. అక్కడి పంతులుగారు ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. ఒకావిడ జామపండు వదిలింది. ఒకాయన వంకాయ వదిలి, వెంటనే దిగులుపడ్డాడు. దేముడమ్మ వంతు వచ్చింది.

"ఆనపకాయ పంతులుగోరూ," అంది దేముడమ్మ గట్టిగా.

"మామ్మా! అబద్ధం!"

"అబద్ధమేటే? కార్తీకం పెట్టినకాడ్నుంచి రోజూ తింతన్నాను. మీ తాతనే అడుగు."

ఒడ్డునున్న దాసు ఆ మాట విన్నాడు. పాపం, పంచె తడిసిపోవడం కూడా చూసుకోకుండా గబగబా నీళ్లలోకి వచ్చాడు.

"ఒద్దు బాబూ, అది ఒదిలించీకండి. దానికి ఇన్నాళ్లకి ఒక కూర మీదికి మనసెల్లింది. దాని బదులు నాది ఏదో ఒకటి ఒదులుతాను."

"మంచిదే. మీకు బాగా ఇష్టమైంది చెప్పండి," అన్నారు పంతులుగారు.

దాసు ఆలోచించాడు. బెల్లమా, టీయా అని జనం అందిస్తున్నారు. ఆయన అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. చివరికి పెళ్లాం వైపు చూసి, లెక్క తేలినవాడిలా చెప్పేశాడు.

"నాకు బాగా ఇష్టమైందంటే ఇదే బాబూ. మరి దీన్ని ఒదల్లేను గదా. ఇంకేటి సెయ్యమంతారు?"

ఏటి ఒడ్డంతా గొల్లున నవ్వింది. గౌరీశంకర్ నవ్వలేక నీళ్లలో కూర్చుండిపోయాడు. దేముడమ్మ ఒక్కతే నవ్వలేదు. కాపరానికొచ్చిన ఇన్నేళ్లలో ఆ మనిషి నోట అలాంటి మాట ఆమె వినలేదు. రెండు చంకల్లో కాయలతో గుమ్మంలో నిలబడ్డ మొహం గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోయింది.

"ఏటయ్యా నువ్వు, నలుగుర్లో పరువు తీసీసేవు," అని కసిరి, నడుం దగ్గర చీర మడతలోంచి చుట్టల కట్ట తీసింది. "నాకు ఆనపకాయంటే అసయ్యం పంతులుగోరూ. నా పేణమంతా దీని మీదే. ఇదిగో, ఒదిలేసేను."

"అమ్మా, నీళ్లలో వెయ్యకండి, మాటతో వదిలితే చాలు!" అని పంతులుగారు అరిచారు. అశ్విని రెండు చేతులూ చాచి కట్ట అందుకుంది. ఆ పిల్ల కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో దేముడమ్మని ఎవరూ భరించలేకపోయారు. డ్రైవరు నెమ్మదిగా నడుపుతున్నాడని తిట్టింది, జోరుగా నడుపుతున్నాడని తిట్టింది. అశ్విని ఇచ్చిన లవంగాలు నమిలి ఉమ్మేసింది. శ్రీకాకుళం దాటాక వ్యానులో అందరూ కునుకు తీస్తున్నప్పుడు, మొగుడి వైపు ఒరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ మాటేదో ఇంటికాడ ఒక్కనాడైనా సెప్పకపోయేవా?"

"ఎలాగే సెప్పడం? ఎప్పుడు సెబుదామని వచ్చినా నోట్లో నిప్పెట్టుకుని కూకునేదానివి," అన్నాడు దాసు.