వదలని కర్ర

“కర్రలో ఎంచడానికి ఏముంటుందే? కర్ర కర్రే,” అన్నారు మా ఆయన, నేను ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాచి నిలబడి. ఇంకా కాలరు మిగిలి ఉంది. ఆ మాటంటే “పర్లేదు, ఇచ్చెయ్” అంటారు. తీరా ఆఫీసుకెళ్ళి అద్దంలో చూసుకుని సాయంత్రం దాకా మొహం మాడ్చుకుంటారు. అందుకని కాలరు మీద నీళ్ళు చిలకరించాను.

“ఫారం నేనే టైపు చేసి పెట్టాను. ‘సంతృప్తికరంగా ఉన్నది’ అని ఉంటుంది. వాడేదానివి నువ్వు కాబట్టి కింద సంతకం పెట్టేసి వచ్చెయ్. అక్కడ పెద్దాళ్ళ ముందు ఉపన్యాసాలు మొదలుపెట్టకు. నా పరువు కూడా చూడు కాస్త.”

“దానికి ఇదెందుకురా అసలు? మగాళ్ళు చూసుకుంటారుగా,” అన్నారు అత్తయ్య, కాఫీ గ్లాసు ఖాళీ అయిందని నాకు కనిపించేలా పక్కన పెడుతూ.

మగాళ్ళు చూసుకోవడం గురించి చెప్పాలి. మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఊళ్ళో ఎక్కడ ఏ జంతువు చిక్కుకుపోయినా, కంచె సందులోనో, మురిక్కాలవలోనో, ఎవరింటి మెట్లకిందో, ఫోను మా ఆఫీసుకే వస్తుంది. ఆయన అక్కడ గుమాస్తా. ఏ ఫైలైనా ఆయన చేతి మీదుగానే నడుస్తుంది. వెళ్ళి ఆ జంతువుని పట్టి తెచ్చేది నేను. రిజిస్టరులో నా పేరు పక్కన ‘సహాయకురాలు’ అని ఉంటుంది. పదకొండేళ్ళయినా నేను ఎవరికి సహాయం చేస్తున్నానో ఇంతవరకు తేలలేదు. డ్రైవరన్న బండి దిగడు. “నువ్వు కానియ్ చెల్లెమ్మా, నేను ఇంజను ఆపకుండా ఉంచుతా” అని కిటికీలోంచి ధైర్యం చెబుతాడు. ఆఫీసులో నన్ను వెనకాల ‘పట్టుదలమ్మ’ అంటారట. ఎదురుగా అంటే ఇంకా సంతోషించేదాన్ని.

ఇంట్లో మాత్రం ఆ ముచ్చట లేదు. ఎవరైనా అడిగితే “మా కోడలు ఆఫీసులో ఏదో రాతపని చేస్తుందండీ” అంటారు అత్తయ్య. నేను వెనక గుమ్మంలోంచి రావాలి, తలస్నానం చెయ్యాలి, ఆ తర్వాత నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళాలి. ఇద్దరం వెళ్ళేది ఒకచోటికే అయినా ఆయన స్కూటరు మీద, నేను బస్సులో. నా బట్టల వాసన సీటుకి పట్టేస్తుందట. ఆ సీటు తుడిచేది కూడా నేనే అన్న సంగతి ఆయనకి ఎప్పుడూ గుర్తు రాలేదు.

పోయిన నెల ఒక కార్ఖానా వెనక ఇనప కంచెలో కుక్క ఇరుక్కుంది. గోధుమరంగుది, పాలిచ్చే తల్లి. ఇలాంటి చోట మేం వాడేది ఉచ్చుకర్ర. పొడుగాటి గొట్టం, దాని కొసన తీగ ఉచ్చు. ఉచ్చు మెడకి వేసి ఇటువైపు లాగితే బిగుస్తుంది, పిడి దగ్గరున్న మీట నొక్కితే వదులవుతుంది. అలా దూరంనుంచి తలని అదుపులో పెడితే అది కరవదు, మనం దాన్ని బయటికి తీయగలం. ఉచ్చు వేశాను, కంచెలోంచి తీశాను. బయటపడగానే అది మెలికలు తిరిగింది. అన్నీ తిరుగుతాయి. దానితోపాటు తీగ కూడా మెలిపడింది. మీట నొక్కాను. కదల్లేదు. రెండు చేతులతో నొక్కాను, గోరు ఊడి రక్తం కారింది, మీట కదల్లేదు. డ్రైవరన్న బండి దిగి వచ్చేసరికి అది నా కళ్ళలోకి చూస్తూ ఊపిరి వదిలేసింది. దాని నాలుగు పిల్లల్ని ఒక డబ్బా వెనక వెతికి పట్టుకుని, నా చున్నీలో వేసుకుని ఆఫీసుకి తెచ్చాను.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆయనకి అంతా చెప్పాను. మీట ఎక్కడ పట్టేసిందో, తీగ ఎలా మెలిపడిందో, చేత్తో చూపించి మరీ చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. “సర్లే, కుక్కే కదా, మనిషి కాదుగా” అన్నారు చివర్లో. “స్నానం చేశావా?” అన్నారు అత్తయ్య. మళ్ళీ వెళ్ళి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆ ఏడుపులో సగం కుక్క కోసం, సగం ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

ఇవాళ కొత్త కర్ర ఎంపిక. నమూనాలు రెండు వచ్చాయి, ఒకటి బూడిదరంగుది, రెండోది పసుపు పిడిది. ముందురోజు స్టోరుగదిలో రెండింటినీ గంటసేపు చూశాను. బూడిదరంగుది మా పాతదానికి తమ్ముడే. తీగ సడలితేనే దాని మీట పనిచేస్తుంది, అవతల ప్రాణి లాగుతుంటే చెయ్యదు. పసుపుదానికి పిడి చివర ఒక రింగు ఉంది. ఎంత బిగిసి ఉన్నా ఆ రింగు లాగితే ఉచ్చు తెరుచుకుంటుంది. పైగా దాని కొస గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి జంతువు మెలికలు తిరిగినా తీగ మెలిపడదు. నాకు ఇంకేమీ చూడాల్సిన పని లేకపోయింది.

పెద్దసారు గదిలో బల్లమీద రెండు కర్రలూ పడుకోబెట్టి ఉన్నాయి. పెద్దసారు, పక్కన కొనుగోళ్ళ సారు, మూల కుర్చీలో మీటింగు విషయాలు రాసుకోవడానికి మా ఆయన. నాకు కుర్చీ వెయ్యలేదు. డ్రైవరన్న గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

కొనుగోళ్ళ సారు బూడిదరంగు కర్ర పైకెత్తారు. “చూడమ్మా, ఇది పట్టిందంటే ఏనుగైనా కదల్లేదు.”

“మనం ఏనుగుల్ని పట్టం కద సార్.”

డ్రైవరన్న కిసుక్కున నవ్వి దగ్గులోకి మార్చాడు.

“పట్టుకోవడం ఏ కర్రయినా పట్టుకుంటుంది సార్. అది ఎంత తొందరగా వదులుతుందో చూడాలి,” అన్నాను.

“వదలడానికా అమ్మా మనం కొనేది?” అన్నారు కొనుగోళ్ళ సారు. ఈసారి అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, అందరికంటే కాస్త గట్టిగా.

పెద్దసారికి నవ్వు తొందరగా ఆగింది. “పాత కర్రతో ఏదో కుక్క చచ్చిపోయింది కదా? అందులో ఏం తేల్చారు?” అన్నారు.

“అది అయిపోయిన విషయం సార్,” అన్నారు మా ఆయన గబుక్కున. ఆలోపే కొనుగోళ్ళ సారు ఫైలు అందుకున్నారు. ఆయనకి ఆ కాగితం ఎక్కడుందో బాగా తెలుసు. గొంతు సవరించుకుని చదివారు: “‘సహాయకురాలు కంగారుపడి కర్రను తప్పుగా తిప్పినందువల్లను, జంతువు విపరీతముగా పెనుగులాడినందువల్లను మరణము సంభవించినది. పరికరములో ఎట్టి లోపమూ లేదు.’ చూశారా సార్, అదే కంపెనీ ఇది కూడా. దిగుల్లేదు.”

ఆ రాత ఎవరిదో ఫైలు చూడక్కర్లేకుండానే తెలిసింది. పెళ్ళయిన కొత్తలో మా నాన్నకి రాసిన ఉత్తరాల్లో కూడా ఆయన ‘ఎట్టి లోపమూ’ అనే రాసేవారు. ఆయనవైపు చూశాను. నోటుపుస్తకంలో ఖాళీ గీతల మీద పెన్ను నడుపుతున్నారు. ఆ రోజు నేను గోరు ఊడిన వేలుతో వడ్డిస్తూ చెప్పిందంతా విని, మంచినీళ్ళు అడిగి తాగి, మర్నాడు వచ్చి ఇది రాశారు. తెలియక రాసి ఉంటే క్షమించేదాన్నేమో. తెలిసే రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు వస్తుందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను కానీ రాలేదు.

దగ్గరికి వెళ్ళాను. ఆయన పెదవులు కదిలీ కదలకుండా అన్నారు: “నీ మంచికే అలా రాశాను. కర్ర తప్పంటే విచారణ, గొడవ, వీళ్ళందరితో తగువు. నీదంటే నేను సర్దిచెప్పుకుంటాను కదా.”

అంత నిజం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆయన సర్దిచెప్పుకున్నవన్నీ ఇలాగే నా పద్దులో పడ్డాయి. కూరలో ఉప్పు దగ్గర్నుంచి, అత్తయ్య జారిపడ్డ దగ్గర్నుంచి, పిల్లలు పుట్టకపోవడం దాకా. డాక్టరు ఎవరిలో లోపమని చెప్పాడో మా ఇద్దరికే తెలుసు. ఆయన తన తల్లికి మాత్రం వేరేగా చెప్పారు. ‘నీ మంచికే’ అనే అన్నారు అప్పుడు కూడా.

“సార్, సంతకం పెట్టేముందు ఒక పరీక్ష చేద్దాం,” అన్నాను పెద్దసారుతో. ఎడమచేతికి తోలు తొడుగు మోచేతిదాకా ఎక్కించుకుని బల్లమీద పెట్టాను. “ఇది కుక్క మెడ అనుకోండి. ఈ ఫైలు రాసినాయన్నే కర్ర పట్టుకోమనండి.”

పెద్దసారు తలూపారు. మా ఆయన లేవక తప్పలేదు. బూడిదరంగు కర్ర ఉచ్చు నా చేతికి వేసి లాగారు. బిగించడం బాగానే వచ్చింది.

“ఇప్పుడు నేను పెనుగులాడతాను. మీరు వదలండి.”

వెనక్కి లాగాను. చెయ్యి మెలితిప్పాను, కంచె దగ్గర ఆ కుక్క తిరిగినట్టే. తీగ మెలిపడింది. ఆయన మీట నొక్కారు. మళ్ళీ నొక్కారు. తోలు మీంచే తీగ కొరుక్కుపోతోంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. నేను లాగడం ఆపలేదు.

“ఆగు,” అన్నారాయన.

లాగాను.

“ఆగు అంటుంటే! నువ్వు కదులుతుంటే నేనెలా వదలను? నువ్వు లాగబట్టే బిగుస్తోంది. కాసేపు కదలకుండా ఉండు, నేనే వదుల్తాను కదా!”

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయన నుదుట చెమట పట్టింది. నేను ఇస్త్రీ చేసిన కాలరు తడిసిపోయింది. కొనుగోళ్ళ సారు వచ్చి తనూ ఓ చెయ్యి వేశారు. ఇద్దరు మగవాళ్ళు కలిసి నొక్కినా మీట కదల్లేదు.

“నేను ఆగగలను సార్,” అన్నాను పెద్దసారుతో. “నాకు భాష తెలుసు. ఆగమంటే ఆగాలని పదహారేళ్ళుగా నేర్పారు. కంచెలో ఉన్నదానికి ఎవరు చెబుతారు?”

ఆ కుక్క పోయిన మర్నాడే కొనుక్కున్న కటింగ్ ప్లేయరుని కుడిచేత్తో నడుం సంచీలోంచి తీసి, బలమంతా పెట్టి తీగ తెంపాను.

“అయ్యో, కొత్త కర్ర!” అన్నారు కొనుగోళ్ళ సారు. నా చెయ్యి ఎలా ఉందని ఎవరూ అడగలేదు. డ్రైవరన్న ఒక్కడే గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు.

తర్వాత పసుపు పిడి కర్ర పెద్దసారు చేతికే ఇచ్చాను. అదే చెయ్యి పెట్టి, అంతకంటే గట్టిగా లాగాను. ఆయన రింగు లాగారు. ఉచ్చు తెరుచుకుంది. నేను తూలి వెనక గోడకి తగిలాను. పెద్దసారు ఆ రింగుని రెండుసార్లు లాగి చూసుకున్నారు.

“ఇదైతేనే నేను బండెక్కుతాను సార్,” అన్నాను.

కొనుగోళ్ళ సారు మొహం ఎర్రబడింది. “ఆర్డరు కాగితం తయారైపోయిందమ్మా. నీకిష్టం లేకపోతే బోన్లు కడిగే పనికి మార్చాల్సి వస్తుంది.”

“మార్చండి. కడగడం నాకు కొత్తా? కానీ ఆ కర్ర నా చేతికిచ్చి ఇంకో ప్రాణం మాత్రం తీయించలేరు.”

పెద్దసారు ఆర్డరు కాగితాన్ని తనవైపు లాక్కుని మడిచారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళబోయారు, నొప్పిగా ఉన్న చెయ్యినే. “చాల్లే, పద. మిగతాది ఇంట్లో మాట్లాడుకుందాం.”

చెయ్యి విడిపించుకున్నాను. “ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇది ఇంట్లో రాసింది కాదు. ఫైల్లో రాశారు, ఫైల్లోనే దిద్దండి. కూర్చోండి. నేను చెబుతాను, మీరు రాయండి.”

ఆయన పెద్దసారువైపు చూశారు. పెద్దసారు కిటికీవైపు చూశారు. ఆయన కూర్చున్నారు.

“‘కుక్క పెనుగులాడింది. ఉచ్చులో పడ్డ ఏ ప్రాణి అయినా పెనుగులాడుతుంది. అది దాని తప్పు కాదు. మీట నొక్కినా కర్ర వదల్లేదు. అందువల్ల చనిపోయింది.’”

రాశారు. మొదటిసారి ఆయన నా మాటని ఒక్క అక్షరం కూడా మార్చకుండా రాశారు.

“అయిందా?” అన్నారు తలెత్తకుండా.

“లేదు. ‘ఈ సంగతంతా నా భార్య నాకు అదే రోజు చెప్పింది. తెలిసే అబద్ధం రాశాను.’ అది కూడా రాసి, కింద సంతకం పెట్టండి.”

ఆయన పెన్ను ఆగిపోయింది. నేను గోడవారనున్న కుర్చీ లాక్కుని, ఆయనకి ఎదురుగా కూర్చున్నాను.